క్లాసయిపోయాక నడిచిన రికార్డింగు

ఆగస్టు 4, సోమవారం

అహ్మద్ మైకు మళ్లీ పాడైంది.

మొన్ననే కొన్నది. అప్పుడే గరగర. మాట చివర గాలి పోతున్నది, పంచరైన ట్యూబులోంచి పోయినట్టు. జీవితమంతా మైకుసెట్టు అద్దెకిచ్చి బతికినవాణ్ణి. పందిట్లో మొదటి ‘హలో’ వినగానే లోపం డబ్బాలో ఉందో తీగలో ఉందో మైకులో ఉందో చెప్పేవాణ్ణి. ఇది మైకే.

నేను బడికి పోయింది తక్కువ. నా చదువంతా మైకు స్తంభం కింద కూర్చుని విన్నదే. హరికథలు, ఎన్నికల ఉపన్యాసాలు, ముషాయిరాలు, కుటుంబ నియంత్రణ ప్రచారాలు. చెవితో చదువుకున్నవాడికి ఒక అవలక్షణం ఉంటుంది, ఏ సంగతైనా మొదలుపెట్టగలడు, ఎక్కడ ఆపాలో తెలియదు. ఉర్దూ కూడా అట్లాగే చెవిన పడింది. మాట వస్తుంది, అక్షరం రాదు. పోయినేడు నా భార్య కట్టమ్మ పోయాక ఒకనాడు నా స్నేహితుడు అహ్మద్ అన్నాడు, “పెన్షన్ మాస్టర్‌నైతి, ఇంట్ల తోస్తలేదు సదా. ఫోన్ల ఉర్దూ క్లాసు పెడ్త. సామాను సంగతి నువ్వు సూసుకో.” పాపం, వాడికి తోచడం లేదు కదా అని ఒప్పుకున్నాను.

అట్లా సాయంత్రం ఐదింటికి క్లాసు. పరకాలలో వెంకట్రాజం ఇంట్లో తాతల నాటి భూమి కాగితాలు ఉర్దూలో ఉన్నాయి, చదువుకోవాలని అతని పంతం. నర్సంపేట నిఖత్ తెలుగు మీడియంలో చదివింది, తన అమ్మ భాష అక్షరాలు తనకే రావు. ఇంకా కొందరు వస్తూ పోతూ ఉంటారు. కానీ ఐదింటికి వెంకట్రాజం పత్తి చేనులో ఉంటాడు, నిఖత్ బట్టల దుకాణంలో బేరాలు చూస్తుంటుంది. సగం పాఠం చెవికెక్కదు. అందుకని క్లాసంతా నా ఫోన్‌లో రికార్డు చేసి, మాట మాత్రం తీసి గ్రూపులో పెడతాను. బొమ్మ పంపితే వెంకట్రాజం ఫోను నిండిపోతుంది.

క్లాసవడం ఒక తమాషా. సారు ఫోను పెట్టేయకముందే మనం పెట్టేస్తే ఏం మర్యాద అని విద్యార్థులు పెట్టరు. పిల్లలు పోకముందే మాస్టరు లేస్తే ఏం తమీజ్ అని అహ్మద్ పెట్టడు. “వస్త సార్”, “వస్త చాచా” అని అందరూ అంటారు, ఎవరూ పోరు. ఫోను మంచం మీదో గల్లాపెట్టె మీదో వదిలేసి ఎవరి పనికి వాళ్లు లేస్తారు. నేను చాయ్‌కి పాలు పెట్టడానికి పోతాను. పాలు పొంగాక వచ్చి రికార్డింగు ఆపి, గ్రూపుకు తోసేస్తాను. విని పంపే అలవాటు లేదు. వండినవాడికి ఆకలుండదు.

ఆగస్టు 9, శనివారం

కొత్త మైకు పట్టుకుని మండీబజార్ పోయాను. పెద్ద కంపెనీది. రేపటినుంచి గుడి గంటలా మోగాలి.

అహ్మద్ చాయ్ ముందు పెట్టుకుని తాగలేదు. చల్లారాక కొంచెం కొంచెం మింగాడు. ఎండాకాలం పోయినా ఐసు గోలా తిన్నాడట. ముసలితనంలో కూడా వీడికి నాలుక మీద అదుపు లేదు.

గౌసియా వదినె గుమ్మంలో నిలబడి మైకు డబ్బా చూసింది. “మైకులు మారుస్తనే ఉండు భాయ్. గొంతు ఎవలు మారుస్తరు?”

“నువ్వు లోపటికి పో జర” అన్నాడు అహ్మద్.

నేను నవ్వాను. వదినెది పెళ్లినాటినుంచీ అదే నోరు. వాళ్ల నిఖాకు మైకు నాదే. ఆడవాళ్ల వైపు పెట్టిన మైకు కట్టేయడం మరిచాను. “ఏడ్సుడు ఆపుండ్రి, నాకు ఆకలైతాంది” అని పెళ్లికూతురు తల్లిని గదమాయించిన మాట బజారు బజారంతా వినిపించింది. పెళ్లికొడుకు తలెత్తకుండా నవ్వాడు. పెళ్లికూతురి గొంతు వాడు మొదటిసారి విన్నది నా మైకులోనే.

మైకు బిగించి, హలో అనిపించి వచ్చాను. అదే గరగర. తీగ చూడాలి.

ఆగస్టు 13, బుధవారం

తీగ మార్చాను. ఫోనే పాతబడినట్టుంది.

ఆగస్టు 28, గురువారం

వీధి చివర వినాయక మండపం. డీజే పెట్టెలు పెట్టారు. అది మైకు కాదు, భూకంపం. నా కాలంలో మైకు పెడితే వీధి చివరి ముసలమ్మకు మాట అర్థమయ్యేది, ఇప్పుడు ముసలమ్మ గుండె ఆగుతుంది. అదీ అభివృద్ధే.

క్లాసు నడిచింది. మండపం సప్పుడులో ఎవరికి ఏం వినపడిందో దేవుడికెరుక. పంపేశాను.

ఆగస్టు 29, శుక్రవారం

మండపం రొదలో మాట వచ్చిందో లేదో చూద్దామని నిన్నటి ఫైలు విన్నాను. ఎన్నడూ వినను. నిన్నటిదే ఎందుకు విన్నాను?

పాఠం అయింది. “వస్త”లు అయ్యాయి. నేను ఫోను మంచం మీద పెట్టిన సప్పుడు. తరువాత అహ్మద్ ఇంట్లోంచి వదినె గొంతు. వాళ్లు మాట్లాడుకున్నది వాళ్ల భాషలో, రాసుకుంటున్నది నా భాషలో.

“అందరు పోయిండ్రా?”

“పోయిండ్రు.”

“డాక్టర్ సాబ్ ఏమన్నడు? ఇప్పుడొస్తే గొంతు మిగుల్తది, ఆలస్యం చేస్తే మొత్తం తీసుడే అన్నడా, అనలేదా? మాట్లాడొద్దన్నడా, అనలేదా?”

“పుస్తకం అయిపోనీ. అయినంక పోదాం.”

“ఎవల కోసం పుస్తకం? సదా భాయ్ పరీక్ష రాస్తడా?”

అప్పుడు వాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది. “వాడు నేర్సుకునేది లేదు. ఏడాదైంది, జీమ్ అచ్చరంకు చే అచ్చరంకు ఫరక్ తెల్వది. కని ఐదు కాంగనే ఇస్త్రీ అంగి ఏసుకొని ఫోన్ ముంగట కూసుంటడు. కట్టమ్మ పోయిన్నాడు వాని మొకం సూసినవ్ కద. ఇది బంద్ జేస్తే వాడు యాడికి పోతడు?”

వదినె ఏడుస్తున్నది.

“గౌసియా. ఏ గౌసియా. ఇటు సూడు. జర ఇటు సూడే.”

తరువాత నా అడుగుల సప్పుడు. గిన్నె మూత. “పొంగినయ్, పొంగినయ్” అని నాలో నేను అనుకుంటున్న మాట. ఆగిపోయింది.

మైకు కాదు.

ఆగస్టు 30, శనివారం

తీసేశాను. గ్రూపులో అందరికీ పోయేట్టు తీసేశాను. నా ఫోన్‌లోదీ తీసేశాను, చెత్తబుట్టలో మిగులుతుందంటే అందులోంచి కూడా. “మండపం సప్పుడు ఎక్కువున్నది, ఫైలు బాలేదు, దించుకున్నోళ్లు కూడా తీసేయండి” అని రాశాను.

“సరే చాచా” అంది నిఖత్, నేను రాయడమే ఆలస్యం. వెంకట్రాజం ఒక దండం బొమ్మ పెట్టాడు. ఏమైందని ఎవరూ అడగలేదు. అడగకపోవడంతోనే తెలిసింది. అందరూ విన్నారు, నాకంటే ముందే. ఒక్కరూ నోరు జారలేదు.

జీమ్‌కు కింద ఒక చుక్క. చేకు మూడు. నాకు తెలుసు. తొందరలో పొరబడతాను, అంతే.

సెప్టెంబర్ 1, సోమవారం

క్లాసుకు కూర్చోలేదు. మోకాలు నొప్పి.

సెప్టెంబర్ 3, బుధవారం

ఫోన్ చేశాడు.

“ఏమైందిరా? మొన్న లేవు, నిన్న లేవు.”

“మోకాలు.”

“క్లాసుకు మోకాలెందుకురా? ఒంటికాలు మీద నిలవడి చదువుతున్నవా?”

నవ్వొచ్చింది. మింగాను. నేను ముందే అనుకుని పెట్టుకున్న మాటలు చెప్పాను. “ఇగ సాలు అహ్మద్. ఇసుగొచ్చింది. ఈ వయసుల నాకు అచ్చరాలెందుకు? సచ్చినంక అక్కడెవలన్న సదువుమంటరా?”

వాడు దగ్గాడు. “రికార్డింగ్ ఇన్నవా సదా?”

“నేనెప్పుడన్న ఇంటనా అవి?”

“మల్లెందుకు తీసేసినవ్?”

“మండపం సప్పుడు.”

ఆ గరగర ఇంక మైకు మీద వేయలేను. ఊపిరి కూడా గరగరమంటున్నది.

“సరే” అన్నాడు. పెట్టేశాడు. ఏనాడూ ముందు పెట్టనివాడు.

మంచిదే. నేను మానేస్తే క్లాసు లేదు, క్లాసు లేకపోతే పుస్తకం లేదు, పుస్తకం లేకపోతే దవాఖానకు పోకుండా ఏ సాకూ లేదు. లెక్క సరిగ్గానే ఉంది. కోపమొస్తే వాడు ఇంకా తొందరగా పోతాడు. నా మీద కోపంతోనైనా బాగుపడనీ.

సెప్టెంబర్ 8, సోమవారం

అంగీ ఇస్త్రీ చేసుకున్నాను. ఎక్కడికీ పోలేదు.

సెప్టెంబర్ 22, సోమవారం

బతుకమ్మ పాటలు వినిపిస్తున్నాయి. కోడలు శ్రీలత గునుగుపూలకు రంగులద్దుతూ అడిగింది.

“మామా, అహ్మద్ మామతోని లొల్లి పెట్టుకున్నవా?”

“లొల్లి ఏం లేదు.”

“మరి ఫోన్ చేయవు, ఆయన చేయడు. ఇస్కూల్ పోరగాండ్ల లెక్క అలిగిండ్రా ఇద్దరు? పో, పోయి కలువుపో. లేకుంటే పొద్దంత నా నెత్తి తింటవ్.”

“వాడు హైదరాబాద్ పోయిండు. పెద్ద దవాఖాన.”

“ఎవలు చెప్పిండ్రు?”

ఎవరూ చెప్పలేదు. కానీ పోయే ఉంటాడు. ఆపరేషన్ అయినవాడు ఫోనెట్లా చేస్తాడు? చేయకపోవడమే గుర్తు.

అక్టోబర్ 14, మంగళవారం

వదినె వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు. శ్రీలత కుర్చీ వేసినా కూర్చోలేదు.

“ఎట్లున్నడు వదినే? ఆపరేషన్ మంచిగైందా?”

ఆమె నన్ను చూసిన చూపు రాయను.

“ఏ ఆపరేషన్ భాయ్?”

“పోలేదా?”

“నువ్వు ఇసుగొచ్చిందన్న దినంనుంచి ఆయన మాట్లాడుడే బంద్ జేసిండు. నాతోటి లేదు, ఎవ్వలతోటి లేదు. దవాఖానకు పోదాం నడువుమంటే, ‘మాట్లాడొద్దన్నరు కద, మాట్లాడ్తలేను, అదే తక్కువైతది’ అని కాయిదం మీద రాసిస్తడు. క్లాసున్నన్ని రోజులు పుస్తకమైనంక పోదామన్న ఆశన్న ఉండె. ఇప్పుడు అదీ లేదు. ఎందుకన్నవో ఏమో నాకు తెల్వది. నేను అడుగ రాలే. ఆయన్ని లేపుకొని పోతవా, పోవా? గదే అడుగ వచ్చిన.”

పోయాను. వాడు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మెడ ఒక పక్క లావెక్కింది.

“లే. హైదరాబాద్ పోదాం.”

“ఇసుగొచ్చిందన్నవ్ కద” అన్నాడు. మాట కాదు అది, గాలి.

“ఇసుగు పోయింది. లే.”

లేచాడు. నా కొడుకు వినయ్ కారు తీశాడు. వదినె వెనక సీట్లో తలుపుకు ఒరిగి నిద్రపోయింది, ఎన్నాళ్ల నిద్రో. రఘునాథపల్లి దగ్గర చాయ్‌కి ఆగాము. అహ్మద్ ఒక గుక్క మింగి, “చక్కెర ఎక్కువేసిండు” అన్నాడు. అంతకుమించి దారంతా ఏం మాట్లాడలేదు. ఫోను నా జేబులోనే ఉంది. ఏడాది పాటు వాడి ప్రతి అక్షరమూ పట్టినవాణ్ణి, ఆ ఒక్క మాట పట్టాలని తోచలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

డాక్టరు చిన్నవాడు, మంచివాడు. ఆగస్టులో వచ్చి ఉంటే అన్నాడు. మిగతాది వినలేదు.

మొత్తం తీసేస్తారట.

నవంబర్ 19, బుధవారం

అహ్మద్‌ను ఇంటికి తెచ్చారు. మెడ కింద రంధ్రం, దాని మీద గుడ్డ. ఊపిరి అందులోంచే. పోయి మంచం పక్కన కూర్చున్నాను.

వాడే పిల్లల పలక తీసుకుని ఒక మాట రాసి నా వైపు తిప్పాడు. ఉర్దూలో. కావాలనే ఉర్దూలో.

మూడే అక్షరాలు. సీన్. నూన్. చివర నిలువు గీత అలిఫ్. కూడబలుక్కున్నాను. సు... నా. సునా? విన్నావా?

ఏడాది మొత్తంలో ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి మాట అది.

“లేదు” అన్నాను.

వాడు నన్ను చూస్తూ ఉన్నాడు. తప్పు చదివితే విసుక్కునే మాస్టరు మొహం కాదు అది. నేను సరిగ్గా చదివానని వాడికి తెలిసిపోయింది, అబద్ధమాడానని కూడా. పలక తుడిచేసి నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లకు సుద్ద అంటి ఉంది.

డిసెంబర్ 2, మంగళవారం

వదినె నన్ను వాకిట్లోకి పిలిచింది.

“ఇప్పుడు నన్ను ఎట్ల పిలుస్తడో తెల్సా భాయ్? చెంచతోటి స్టీలు గ్లాసు మీద కొడ్తడు. టంగ్ టంగ్. నీళ్లకు అదే, మందులకు అదే. పోత, పోకేంజేస్త. కని నా బతుకుల నన్ను పేరు వెట్టి పిలిసినోడు ఆయనొక్కడే. మా అమ్మ బిడ్డా అనేది, మా పిల్లలు అమ్మీ అంటరు. నా పేరు ఆయన నోట్లనే ఉండె.”

ఆమె ఒక అడుగు దగ్గరికి జరిగింది.

“నీ తాన ఏడాది రికార్డింగులున్నయి కద. క్లాసులు నాకొద్దు. ఆ దినంది కావాలె. మేమిద్దరం మాట్లాడుకున్నది. గ్రూపుల పడ్డదని నాకెరికే. సిగ్గు పోతే పోయింది. అండ్ల నన్ను పిలిసిండు. నాకు యాదున్నది, రెండు మూడుసార్లు పిలిసిండు.”

“సూస్త వదినే” అన్నాను.

డిసెంబర్ 3, బుధవారం

వెంకట్రాజానికి ఫోన్ చేశాను. “తీసేయుమన్నవ్ కద సదన్నా. ఇన్న. ఇననట్టే ఉన్న. ఆ గడియలనే తీసేసిన, ఒట్టు” అన్నాడు. నేను అనుమానిస్తున్నాననుకున్నాడు.

నిఖత్ ఏడ్చింది. “చాచా, మా తమ్ముని ఫోన్ల ఉంటే ఆ ఫోన్ల గూడ తీసేయించిన. మీ ఇద్దరి ఇజ్జత్ అని. నేను ఇంక ఎవ్వలకన్న పంపిన్నా, అయ్యో పంపలేదు చాచా.”

వచ్చిపోయేవాళ్లను కూడా అడిగాను. లేదు. లేదు. తీసేశాం. హనుమకొండలో ఫోన్లు బాగుచేసే కుర్రాడు నా ఫోను ఒక పూట పెట్టుకుని, కట్టమ్మ ఫొటోలు రెండు మళ్లీ బయటికి తెచ్చాడు గానీ అది రాలేదు.

అందరూ మంచివాళ్లే. ఈ గ్రూపులో ఒక్కడు, ఒకే ఒక్కడు, మర్యాద లేనివాడు ఉంటే బాగుండేది.

డిసెంబర్ 7, ఆదివారం

రోజూ పాత క్లాసులు వింటూ కూర్చున్నాను. ప్రతి ఫైలు చివరా చెవి ఒగ్గి విన్నాను. గిన్నెల సప్పుడు, కుక్కలు, నిఖత్ బేరాలు. చలికాలం నాటి ఒక క్లాసులో దొరికింది. ‘గైన్’ అనే అక్షరం చెబుతున్నాడు, మంచి గొంతు, గంటలాంటి గొంతు. “గైన్. గొంతుల కెల్లి రావాలె. గైన్‌తోటి గౌసియా. అనుండ్రి, గౌసియా.” మేమందరం ఎవరి ఊళ్లో వాళ్లం “గౌసియా, గౌసియా” అని అరుస్తున్నాం. నా గొంతే అందరికంటే పెద్దది.

ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి పట్టుకుపోయాను. వాడు లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. వదినె వాకిట్లో మెంతికూర గిల్లుతున్నది. అసలుది లేదని చెప్పాను. ఎట్లా లేదో కూడా చెప్పాను. ఆమె కూర గిల్లడం ఆపలేదు. ఇది పెట్టాను.

విన్నది.

“ఇది నన్ను పిలుసుడు గాదు భాయ్. పాఠం.”

“అవును వదినే.”

“ఇస్కూల్ల అందరి పిల్లలకు ఇట్లనే చెప్పేటోడు.” చేతులు కొంగుకు తుడుచుకుంది. “మల్ల పెట్టు.”

మళ్లీ పెట్టాను. ఫోను ఎక్కడ నొక్కాలో చూపించమంది. చూపించాను. తనే నొక్కుకుంది. మళ్లీ నొక్కుకుంది. మా అందరి అరుపు రాకముందే ఆపి, మళ్లీ మొదటికి. గైన్‌తోటి గౌసియా. గైన్‌తోటి గౌసియా. ఇంకోసారికి ‘గైన్‌తోటి’ని కూడా తప్పించడం నేర్చుకుంది.

లోపల గ్లాసు మీద చెంచా మోగింది.

“వదినే, పిలుస్తున్నడు” అన్నాను.

“ఉండు భాయ్, జర ఉండు” అంది, ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుని.

చెంచా మళ్లీ మోగింది. నేనే లేచి లోపలికి పోయాను. అహ్మద్ తలుపు వైపే చూస్తున్నాడు, నన్ను కాదు, నా వెనక. వాకిట్లోంచి వాడి గొంతే వాడికి వినిపిస్తున్నది, ఆమె పేరు పిలుస్తూ. వాడు చెంచా పక్కన పెట్టి విన్నాడు. నేను కూజా వంచి గ్లాసు నింపి, వాడి తల ఎత్తి పట్టుకుని నీళ్లు తాగించాను.